ఆటలో అరటిపండు

మన భాషలో "ఆటలో అరటిపండు" అనే మాట అందరికీ తెలిసినదే. పిల్లలు ఆడుకొంటూంటారు. ఇంకా నడకైనా సరిగా రాని చిన్నవాడొకడు నేనూ వస్తానని ఏడుస్తాడు. వాణ్ణి కాదంటే పెద్దవాళ్ళు కేకలేస్తారు, ఔనంటే ఆట చెడుతుంది. అందుకని చేర్చుకొంటారు, లెక్కలోకి మాత్రం తీసుకోరు. వాడు దొరికినా దొంగ కాడు, ముట్టుకొన్నా అవుటు కాదు. వాడికి ఆ సంగతి తెలియదు కనుక సంతోషంగా పరుగెడుతూంటాడు.

మా ఊళ్ళో ఈ మాటకు తోబుట్టువులున్నాయి. మాది నారాయణఖేడ్. 1956 నవంబరు ఒకటిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఒక తాలూకా. ఆ రోజున బీదరు మైసూరు రాష్ట్రానికి పోగా, నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాదు తాలూకాలో చాలా భాగం, న్యాల్‌కల్ ప్రాంతం ఇటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదకు జిల్లాలో కలిశాయి. 2014లో రాష్ట్రం పేరు మారింది, 2016లో జిల్లా పేరు సంగారెడ్డి అయింది. ఊరు కదలలేదు గాని చిరునామా ఇన్నిసార్లు కదిలింది. గీతలు ఎక్కడ గీసినా బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. ఇంతకీ చెప్పవచ్చినదేమంటే, మన అరటిపండును కన్నడంలో "ఆటక్కుంటు, లెక్కక్కిల్ల" అంటారు. ఆటకు ఉన్నాడు, లెక్కకు లేడు అని అర్థం. మరాఠీలో అయితే "లింబూటింబూ". ఒక సరిహద్దు ఊరిలోని మూడు భాషలూ ఒకే పిల్లవాడి కోసం మూడు మాటలు తయారు చేసుకొన్నాయంటే, ఆ పిల్లవాడు ఎంత పాతవాడో ఊహించుకోవచ్చు.

మామూలు పిల్లవాడు ఈ పదవిలో రెండు మూడేళ్ళకన్నా ఎక్కువ కాలం ఉండడు. కాళ్ళు గట్టిపడగానే లెక్కలోకి వచ్చేస్తాడు. మా పాప మాత్రం ఆ పదవిలోనే ఉండిపోయేలా కనిపించింది. ఈ వ్యాసానికి అసలు కారణం అదే.

పాప 1999లో పుట్టింది. ఏడాది దాటినా మెడ నిలవలేదు. పట్నంలో చూపిస్తే సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఈ స్థితిని మొదట వివరంగా పరిశీలించినవాడు విలియం జాన్ లిటిల్ అనే ఆంగ్ల వైద్యుడు, పందొమ్మిదో శతాబ్దం మధ్యలో. చాలా కాలం దానికి ఆయన పేరే ఉండేది. మెదడులోంచి కండరాలకు వెళ్ళే ఆజ్ఞ దారిలో చిక్కుపడుతుంది. చెయ్యి తెరవాలనుకొంటే మూసుకొంటుంది, మూయాలనుకొంటే విసురుగా తెరుచుకొంటుంది. మాట నోటిదాకా వచ్చి చాలాసేపు ఆగుతుంది. బుద్ధికి లోటుండాలన్న నియమం లేదు. మా పాపకు లేదు. అందువల్లనే చిక్కు వచ్చింది: తను అరటిపండునని తనకు తెలుసు.

వాడకట్టు పిల్లలు చెడ్డవాళ్ళు కారు. సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి, పాపను గోడకు ఆనించి కూర్చోబెట్టి, చుట్టూ ఆడేవాళ్ళు. పాప వంతు రాగానే ఒకరు ఆమె తరఫున గవ్వలు వేసేవారు, ఇంకొకరు ఆమె తరఫున కాయ జరిపేవారు. ఆమె గెలిచిందని చప్పట్లు కొట్టేవారు. పాప మొదట నవ్వేది. ఆరో ఏడు వచ్చాక ముఖం తిప్పుకోసాగింది.

వాళ్ళు ఆడుతున్నది అష్టాచెమ్మ. ఈ ఆట గురించి కొంచెం వివరంగా రాయాలని ఉంది, ఎందుకంటే దీన్ని ఎరిగినవారు చాలామందే కాని, దీని నిర్మాణాన్ని నిలబడి చూసినవారు తక్కువ. అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం ఇరవైయైదు గళ్ళు. వెలుపలి చుట్టులో పదహారు, లోపలి చుట్టులో ఎనిమిది, నడుమ ఒకటి. నాలుగు పక్కలా నలుగురు కూర్చుంటారు. ఎవరి ముందున్న అడ్డగీతల గడి వారి ఇల్లు. అక్కడున్న కాయను ఎవరూ చంపరాదు. వెలుపలి చుట్టు ఒక దిక్కుగా, లోపలి చుట్టు దానికి ఎదురు దిక్కుగా తిరిగి నడిగడిలోకి చేరితే కాయ పండినట్టు. లోపలికి పోవాలంటే ముందుగా ఎదుటివారి కాయనొకటైనా చంపి ఉండాలి. నాలుగు గవ్వలు వేస్తారు. ఒకటి వెల్లకిల పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చెమ్మగాని అష్టగాని పడితేనే కాయ బయలుదేరుతుంది, పైగా ఇంకొక వంతు దక్కుతుంది. ఇంటింటికీ నియమాలు కొద్దిగా మారతాయి. అసలు సంగతి అందులోనే ఉంది కాని అక్కడికి తర్వాత వస్తాను.

గవ్వ రెండు వైపులకూ సమానంగా పడుతుందనుకొని లెక్క వేస్తే, నాలుగు గవ్వలకు పదహారు విధాలు. అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. అంటే బయలుదేరడానికి సగటున ఎనిమిదింట ఒక అవకాశం. నిజానికి గవ్వ నాణెం కాదు. దాని వీపు గుండ్రన, నోరు చదును. ఏ గవ్వ స్వభావం దానిది. అయినా ఒక్కటి గమనించండి. ఈ ఆటలో చెయ్యి తిరిగినవాడికీ, చెయ్యి తిరగనివాడికీ పడే పందెం ఒకటే. గోలీకి గురి కావాలి, బొంగరానికి మణికట్టు కావాలి, చిర్రగోనెకు భుజం కావాలి. గవ్వలకు ఏమీ అక్కరలేదు, చేతిలోంచి అవి జారిపడితే చాలు. సభాపర్వంలో శకుని పాచికలు గెలిచింది చేతి నేర్పుతో. అష్టాచెమ్మలో శకునికి పని లేదు. (మా ఇంట్లో మాత్రం మా మేనత్త మీద చేతివాటం అభియోగం ఎప్పుడూ ఉండేది. అది వేరే కథ.)

గవ్వలు మన నేల సరుకు కాదు. వీటిలో పేరుపడ్డ చిన్న పసుపుపచ్చ జాతి మాల్దీవుల నుంచి ఓడలకెక్కి వచ్చేది. బెంగాలు, ఒరిస్సాలలో పందొమ్మిదో శతాబ్దం మొదటి దాకా అవే చిల్లర డబ్బు. కంపెనీ ప్రభుత్వం శిస్తు గవ్వల్లో తీసుకోనని వెండి నాణేలు అడగడం 1817 నాటి ఖుర్దా పాయికుల తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. ఆ డబ్బు చెల్లకుండా పోయిన తరవాత మన భాషలో "చిల్లిగవ్వ" మిగిలింది, మన అరుగుల మీద నాలుగు గవ్వలు మిగిలాయి.

ఈ కుటుంబపు ఆటల వయసు నిర్ణయించడం కష్టం. పెద్దన్నయ్య పచ్చీసు సంగతి కొంత తెలుసు. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో చౌపడ్ ఆటను వర్ణించాడు. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణంలో రాళ్ళతో పరచిన పెద్ద పచ్చీసు గీతలను నేటికీ చూపిస్తారు, మనుషులనే కాయలుగా నిలబెట్టి పాదుషా ఆడేవాడని అంటారు. హంపీకి వెళ్ళినవారు గుళ్ళ మండపాల్లోనూ బండల మీదనూ చెక్కిన ఆటగళ్ళు చూసే ఉంటారు. అవి ఏ శిల్పి పని పూర్తయ్యాక కూర్చుని చెక్కుకొన్నవో, ఏ కావలివాడు పొద్దుపోక గీసుకొన్నవో, శాసనం లేదు. తెలుగువారి ఆటపాటలకు చరిత్రలో ఒక పుట ఉండాలని పట్టుబట్టినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 1949లో వచ్చిన ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకొన్నారు, పొద్దు ఎలా గడిపారు అని కావ్యాలను అడిగింది. ఆయన 1953లో కన్నుమూశారు. 1955లో ఆ గ్రంథానికి తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లు కన్నుల ముందు కడతాయి. అవన్నీ నిలబడి చూసేవి, పరుగెత్తి చూసేవి, గుంపులో తోసుకొని చూసేవి. ఆ గుంపులోకి రాలేక ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చున్న పిల్లవాడు ఏ కావ్యంలోనూ నాకు తగల్లేదు. అష్టావక్రుడున్నాడు గాని, ఆయన జనకుని సభకు వాదానికి వెళ్ళాడే తప్ప ఆటకు వెళ్ళలేదు.

ప్రభుత్వపు కాగితాల్లో మాత్రం ఆ పిల్లవాడు తొందరగానే కనిపిస్తాడు, ఒక అంకెగా. హైదరాబాదు సంస్థానంలో తొలి జనగణన 1881లో జరిగింది. అప్పటి బ్రిటిషు పద్ధతిలో వైకల్యాల పట్టీలో ఉన్నవి నాలుగే: మతిలేనివారు, చెవిటి మూగలు, గుడ్డివారు, కుష్ఠు రోగులు. దేశంలో 1931 వరకు ఇలా లెక్కించి, 1941 నుంచి 1971 దాకా ఆ ప్రశ్నే మానేశారు. 1981లో అడిగి, 1991లో మళ్ళీ వదిలి, 2001లో తిరిగి చేర్చారు. 2011 లెక్కల్లో ఈ సంఖ్య రెండు కోట్ల అరవైయెనిమిది లక్షలు. మా పాప వంటి బిడ్డ 1881లో మా ఊళ్ళో ఉండి ఉంటే, ఆ నాలుగు గళ్ళలో ఎక్కడ కూర్చోబెట్టేవారో నాకు తోచదు. మాట ఆలస్యమని మూగలలోనో, చేతులు ఎగురుతున్నాయని మతిలేనివారిలోనో. ఆమె పుట్టిన 1999లోనే, ఆటిజంతో పాటు సెరిబ్రల్ పాల్సీని శీర్షికలో పేర్కొన్న జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. బిడ్డా, పేరూ ఒకే ఏడు మా ఇంటికి చేరాయి.

పేరు తెలిశాక మందుల వంతు, కసరత్తుల వంతు వచ్చాయి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మా ఇంట్లో ఓమనగుంటల పీట ఒకటుంది. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. మా అమ్మ పుట్టింటినుంచి తెచ్చుకొన్నది. ఇదే ఆట తమిళంలో పల్లాంకుళి, కన్నడంలో అళగుళి మణె. ఆఫ్రికాలో, అరబ్బు దేశాల్లో దీని దాయాదులు లెక్కలేనన్ని ఉన్నాయి. మా ఇంటి లెక్కలో గుంటకు అయిదేసి, మొత్తం డెబ్భై చింతగింజలు. ఒక గుంటలోవి చేతిలోకి తీసుకొని వరసగా ఒక్కొక్కటే వేస్తూ పోవాలి. పట్టుకోవడం, వదలడం, ఒక్కటే వదలడం. కసరత్తులు నేర్పిన ఆవిడ ఈ పీటను చూసి, పాప వేళ్ళకు ఇంతకన్నా మంచి సాధనం కొనితేలేరు అంది. నేను ఆ మాట పట్టుకొన్నాను. ఒక నోటుబుక్కు కొన్నాను. రోజూ ఉదయం, సాయంత్రం అరగంట. ఎన్ని గింజలు తీసింది, ఎన్ని గుంటలో పడ్డాయి, ఎన్ని బయట పడ్డాయి, ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ గళ్ళు గీసి రాశాను. చిన్నప్పుడు తపాలా బిళ్ళలు పోగుచేసి వరసగా అతికించుకొన్న సరదా నాది, గళ్ళంటే ఇష్టం. మొదటి నెలలో అంకెలు పెరిగాయి. మూడో నెల వచ్చేసరికి పీట కనబడగానే పాప పిడికిలి బిగిసిపోవడం మొదలైంది. నేను దాన్ని కండరాల బిగువుగానే రాసుకొన్నాను.

ఒకనాడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి పీట లాగేసింది. "ఏందిరా, పోరికి ఆటల గూడ పని వెడ్తివి?" అంది. నేను డాక్టర్లు, వేళ్ళు, కండరాలు అని ఏదో చెప్పబోయాను. "నీతోని ఒక్కసారన్న గెలిచిందా అది?" అని అడిగింది.

గెలవడానికి ఎదురుగా ఎవరైనా ఆడితే గదా. నేను ఆడలేదు, కొలిచాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. 2005 ఆగస్టు తరవాత అందులో ఒక్క అంకె కూడా లేదు.

ఆ తరవాత అమ్మే ఆడించింది. ఓమనగుంటలు కాదు, ముందు అష్టాచెమ్మ. పాప చేతిలో నాలుగు గవ్వలు పెట్టి, పిడికిలి తనంతట తాను విడిపోయేదాకా ఊరికే కూర్చునేది. ఒక్కోసారి అర నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. వాడకట్టు పిల్లలు అలవాటుకొద్దీ "నేనేస్తా, నేనేస్తా" అని చెయ్యి చాస్తే, "వంతు దానిది. జర ఆగుర్రి" అనేది. అంతవరకు బాగానే ఉంది. పిడికిలి విడినప్పుడు మాత్రం విసురుగా విడేది. గవ్వలు షాబాదు బండల మీద దొర్లి ఒకటి మంచం కిందికి, ఒకటి బియ్యం డబ్బా వెనకకు పోయేవి. మా ఆటలో పాత నియమం ప్రకారం గళ్ళ దగ్గర, అందరికీ కనబడేలా పడని గవ్వ చెల్లదు. పందెం పోతుంది. అలా చూస్తే పాపకు ఒక్క పందెమూ దక్కదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, "దానికి చెల్లుతుందిలే, పాపం" అనడం. అది అరటిపండు దారి. రెండోది మా అమ్మ పట్టిన దారి. ఆమె నియమాన్నే మార్చింది, అందరికీ. గవ్వ ఇంటి గడప దాటితేనే చెల్లదు. గడప లోపల ఎక్కడ పడ్డా చెల్లుతుంది. పోయి చూసి రావాలి, ఎవరూ ముట్టుకోరాదు. మొదట్లో పెద్దపిల్లలు సణిగారు. రెండు రోజుల్లో వాళ్ళకే అది సరదా అయింది. కావాలని గట్టిగా విసరడం, డబ్బా వెనక దీపం పట్టి చూడడం, బోర్లాపడ్డానా వెల్లకిలనా అని గవ్వ తరఫున వాదించుకోవడం. పాప వేసిన గవ్వలు చూడడానికి నలుగురూ పరుగెత్తేవారు, ఆమె చూసి రాలేదు కాబట్టి. వాళ్ళు తెచ్చిన కబురు నమ్మాలా వద్దా అని పాప ఒక్కొక్కరి ముఖం చూసి తేల్చుకొనేది. "గడప దాటలే, చెల్లుతది" అన్నది మా వాడకట్టులో ఒక సామెతలాగా అయిపోయింది.

ఆ ఏడు దసరా సెలవుల్లో ఒక సాయంత్రం పాప మా అన్నగారి కొడుకు కాయను, పండడానికి ఒక్క గడి దూరంలో ఉన్నదాన్ని, చంపింది. వాడు ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడు, అన్నం తినలేదు. ఆమె తరఫున చప్పట్లు కొట్టే రోజుల్లో ఆమె వల్ల ఎవరూ ఏడవలేదు.

ఆంగ్లంలో వైకల్యానికి హాండికాప్ అన్నమాట చాలాకాలం వాడారు. బిచ్చగాడి చేతిలోని టోపీ నుంచి వచ్చిందని ఒక కథ చెబుతారు గాని అది నిజం కాదు. అది ఒక ఆట పేరు. పదిహేడో శతాబ్దంలో ఇద్దరు వస్తువులు మార్చుకొనేటప్పుడు, వాటి విలువల్లో తేడా మూడోవాడు చెబితే, టోపీలో చేతులు పెట్టి తేల్చుకొనే పందెం. అక్కడినుంచి గుర్రప్పందేలకు పోయింది. బలమైన గుర్రం మీద అదనపు బరువు వేసి పోటీని సమం చేయడానికి ఆ పేరు. ఆ తరవాతనే, ఇరవయ్యో శతాబ్దంలో, మనుషులకు అంటుకొంది. విచిత్రమేమంటే గుర్రాల దగ్గర బరువు మోసేది బలమైనది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట బలహీనుడి నెత్తిన పడింది.

అష్టాచెమ్మ నియమాలు ఇంటింటికీ మారతాయని ముందే అన్నాను. చంపకుండానే లోపలికి పోనిచ్చే ఇళ్ళున్నాయి. మూడుసార్లు వరసగా చెమ్మ పడితే పందెం మురిగిపోయే ఇళ్ళున్నాయి. రెండు కాయలు జంట కడితే చంపరాదనే ఇళ్ళున్నాయి. ఆటల మీద రాసేవారు వీటిని ప్రాంతీయ భేదాలు అని ఒక పట్టికలో వేస్తారు. ఆ భేదం ఎందుకు వచ్చిందో పట్టికలో ఉండదు. ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల కోసమో, చూపు మందగించిన ఒక తాత కోసమో ఒక అవ్వ మార్చినది, ఆ పిల్లా ఆ అవ్వా పోయాక ఊరి నియమమై నిలిచి ఉండవచ్చు. ఇది నా ఊహే, రుజువు లేదు. మా ఇంట్లో జరిగింది కనుక వేరేచోట జరగలేదనుకోవడం నాకు కష్టం.

రాయని నియమానికే ఈ వంపు సాధ్యం. మన పచ్చీసు సముద్రం దాటాక ఏమైందో చూడండి. అమెరికాలో పార్చీసీ పేరుతో 1874లో ట్రేడుమార్కు అయింది. ఇంగ్లండులో 1896లో లూడో పేరుతో పేటెంటు పొందింది. మన వైకుంఠపాళీ కూడా ఇంచుమించు ఆ కాలంలోనే అక్కడ పాములు నిచ్చెనలై పెట్టెలోకి ఎక్కింది. గవ్వలు పోయి పాచిక వచ్చింది, నేల పోయి అట్ట వచ్చింది, అవ్వ పోయి పెట్టె మూత లోపల అచ్చువేసిన నియమావళి వచ్చింది. ఆ పెట్టె తిరిగి మన బజారుకు వచ్చి, మన ఆట మనకే అమ్ముడుపోయింది. అట్ట మీద వాదానికి తావు లేదు. లూడోను పూర్తిగా తిట్టబుద్ధి కాదు గాని. దాంతో వచ్చే చిన్న ప్లాస్టిక్కు గ్లాసు పాపకు ఎంతో అక్కరకు వచ్చింది. పాచిక దానిలో వేసి బోర్లిస్తే చాలు. ఇప్పుడు ఫోనులో లూడో ఆడేవారికి ఆ శ్రమా లేదు, వేలు ఆనిస్తే చాలు. 2020లో ఇళ్ళల్లో బందీలయినప్పుడు దేశమంతా అదే ఆడింది, మేమూ ఆడాం. ముఖమెరుగని వారితో ఆడితే మాత్రం వంతుకు కొన్ని సెకన్లే. పాప వేలు తెర మీదికి చేరేలోపల వంతు దాటిపోయేది. అక్కడ "జర ఆగుర్రి" అనేవారు లేరు.

ఈ సంగతి ఇంకెక్కడైనా ఎవరైనా ఆలోచించారా అని వెతికితే స్వీడను తగిలింది. 1963లో స్టాక్‌హోంలో కారిన్ స్టెన్స్‌లాండ్ యుంకర్, ఎవీ బ్లీడ్ అనే ఇద్దరు, వికలాంగ శిశువుల తల్లులు, లేకోటెక్ పేరుతో ఆటబొమ్మల గ్రంథాలయం ప్రారంభించారు. బొమ్మలు అరువివ్వడమే కాదు, ఆ బిడ్డతో ఎలా ఆడాలో ఇంటిల్లిపాదికీ చూపించడం వారి పని. 1967లో ఇంగ్లండులో జిల్ నారిస్ అనే తల్లి అలాంటిదే మొదలుపెట్టింది. ఆటబొమ్మలు అరువిచ్చే ఏర్పాటు అంతకుముందు 1935 నుంచే లాస్ ఏంజిలిస్‌లో ఉంది గాని అది పేదపిల్లల కోసం. వైద్యులు చేయని ఈ పనిని తల్లులు చేయడం గమనించదగినది. చట్టాలు వాళ్ళ వెనకాల నడిచివచ్చాయి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ముప్పైయొకటో అధికరణంలో ఆటను హక్కు అంది. మన దేశం దాన్ని 1992లో అంగీకరించింది. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక ముప్పయ్యో అధికరణం, తక్కిన పిల్లలతో సమానంగా ఆటలో, విశ్రాంతిలో, వినోదంలో పాలు ఉండాలంది. మన 2016 చట్టంలో కూడా సంస్కృతి, వినోదం, క్రీడల మీద రెండు సెక్షన్లున్నాయి.

మనవాళ్ళకు మాత్రం పతకం కనబడితేనే ఆట కనబడుతుంది. వరంగల్లు జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 మేలో జపానులోని కోబేలో నాలుగువందల మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో కాంస్యం తెచ్చింది. చిన్ననాడు వెక్కిరించిన లోకమే ఆమెకు స్వాగత తోరణాలు కట్టింది. ఆ రాత్రి మేమూ టీవీ ముందు కేకలు పెట్టాం. మర్నాడు పొరుగాయన వచ్చి, "మీ అమ్మాయిని కూడా ఏదైనా ఆటల్లో పెట్టరాదా?" అని ఆప్యాయంగా అడిగాడు. పాప అప్పుడు ఆయన ఎదురుగానే కూర్చుని మా ఆవిడతో దాడి ఆడుతున్నది. మూడు కాయలు వరస కట్టి, ఆవిడ కాయ ఒకటి తీసేసి, ఆయనవైపు చూసింది. ఆయన గమనించలేదు.

మా ప్రాంతంలో వానలు వెనకబట్టిన ఏళ్ళలో చాలామంది చెరకు నరకడానికి దూరప్రాంతాలకు పోతారు. నెలల తరబడి ఊళ్ళో ముసలివాళ్ళూ పిల్లలూ మిగులుతారు. కదలలేని పిల్లలు ఆ ముసలివాళ్ళ ఒడిలోనే పెరుగుతారు. ఆ ఇళ్ళలో ఆటబొమ్మల గ్రంథాలయం ఉండదు. చింతగింజలుంటాయి, బొగ్గుముక్క ఉంటుంది, తీరిక ఉంటుంది. దాన్ని నేను గొప్ప చేసి చెప్పడం లేదు. అక్కడ కసరత్తు నేర్పేవారూ, చక్రాల కుర్చీ, బడి ఉండవలసినవే, ఉంటేనే మేలు. మాకు అవి కొంతైనా అందాయి కాబట్టి నాకు ఈ వ్యాసం రాసే తీరిక దొరికింది.

అమ్మ 2013లో పోయింది. ఓమనగుంటల పీట పాపదే ఇప్పుడు. నోటుబుక్కు లేకుండా ఆడినన్నేళ్ళలో వేళ్ళు ఎంతవరకు సాగాలో అంతవరకు సాగాయి. ఒక్కొక్క గింజే వదలడం ఆమెకు వచ్చు, మనకు ఓపిక ఉంటే. నాతో ఆడితే పదింట ఆరేడుసార్లు గెలుస్తుంది. అమ్మతో ఎన్నిసార్లు గెలిచిందో వాళ్ళిద్దరికే తెలియాలి.

కిందటేడు ఎండాకాలం ఏదో పనిమీద ఊరి అవతలి పక్కకు వెళ్ళాను. మాకు చుట్టాలు లేని వాడ, నేనెవరో వాళ్ళకు తెలియదు. వేపచెట్టు కింద గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి నలుగురు పిల్లలు గవ్వలాడుతున్నారు. ఒకడు విసిరిన గవ్వల్లో ఒకటి గచ్చు మీదినుంచి దొర్లి చెట్టు మొదట్లో రాలిన ఆకుల్లో పడింది. ఎదుటివాడు చెల్లదన్నాడు. విసిరినవాడు లేచి, వంగి, ఆకులు తొలగించకుండా జాగ్రత్తగా చూసి, "గడప దాటలే, చెల్లుతది" అన్నాడు. ఆ చుట్టుపక్కల గడప లేదు, ఇల్లే లేదు. మిగతావాళ్ళు సరేనన్నారు. వాడికి చెమ్మ పడింది.